కారు షెడ్డు సామాను: ముందు ఎవరిదో తేల్చండి

ప్రశ్న: మాది హనుమకొండలో నయీంనగర్ దగ్గర సొంత ఇల్లు. కింద కారు కోసమని 11 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవుతో షెడ్డు కట్టించుకున్నాం. కారు కొన్నప్పటి నుంచి అది రోడ్డు మీదే ఉంటోంది. షెడ్డు నిండా సామానే. మామయ్య టీచరుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు లేరు. ఆయన స్కూటర్, పుస్తకాలు, కాగితాల పెట్టెలు అందులోనే ఉన్నాయి. అత్తమ్మ పరకాల దగ్గరి మా ఊరి నుంచి తెచ్చుకున్న గుమ్మి, ఇసుర్రాయి, రాగి కాగు, మూటలు ఉన్నాయి. మరిది హైదరాబాద్ మారినప్పుడు పెట్టిపోయిన ఫ్రిజ్, మంచం ఉన్నాయి. ఇవి కాక పొలం మందులు, పాత టైర్లు, ఇన్వర్టర్ బ్యాటరీ, కూలర్, పెయింట్ డబ్బాలు. 2023 జూలై వానలకు నీళ్లొచ్చి అట్టపెట్టెలు నానిపోయాయి, ఇప్పుడు చెదలు పట్టాయి. ఏదైనా తీయబోతే మా ఆయన "అది బాపుది, ముట్టకు" అంటారు. అత్తమ్మ "ఉండనియ్యి బిడ్డా, ఎప్పుడన్న అక్కరకొస్తది" అంటది. ఈ దసరాకు కారును షెడ్డులో పెట్టి పూజ చేసుకోవాలని నా ఆశ. వాళ్లిద్దరూ ఊరికి పోయినప్పుడు ఒక్కరోజులో అంతా స్క్రాప్ వాళ్లకు ఇచ్చేయనా? లేక ముందు ర్యాకులు కొనుక్కోనా?
ఒక సోదరి, హనుమకొండ

సమాధానం:

రెండూ వద్దు. వాళ్లు లేనప్పుడు ఇచ్చేస్తే షెడ్డు ఖాళీ అవుతుంది, నిజమే. కానీ ఆ తర్వాత ఇంట్లో ఏ చెంచా కనపడకపోయినా మీ పేరే వస్తుంది, పదేళ్లయినా ఆ మాట పోదు. ఇక ర్యాకులు ముందే కొంటే, ఇప్పుడు నేల మీదున్న సామాను గోడకెక్కుతుంది తప్ప ఒక్కటీ బయటికి పోదు.

మీ ఉత్తరంలో ప్రతి వస్తువు పక్కన ఒక మనిషి ఉన్నారు. మామయ్య స్కూటర్, అత్తమ్మ గుమ్మి, మరిది ఫ్రిజ్. మీరేమో ప్రతిదాన్నీ "ఇది పనికొస్తుందా" అని అడుగుతున్నారు. మన ఇళ్లలో ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ఎప్పుడూ "వస్తది" అనే. దాని బదులు "ఇది ఎవరిది, దీన్ని ఏం చేద్దామంటారు" అని అడగడం మొదలుపెట్టండి. ఎవరిదో తేలిన వస్తువు గురించి ఒకరితో మాట్లాడితే సరిపోతుంది, ఇల్లంతా గొడవ పడనక్కర్లేదు. ఎవరిదీ కాదని తేలినవి అదే రోజు బయటికి పోతాయి. అలాంటివి మీరనుకున్నదానికంటే ఎక్కువే ఉంటాయి.

చెయ్యి పెట్టే ముందు ఒక జాగ్రత్త. వానాకాలం చివర్లో, ఎలుకలున్న షెడ్డులో పాములు, తేళ్లు ఉంటాయనుకునే పని మొదలుపెట్టాలి. గోనె సంచుల మడతల్లో తేలు ఇష్టంగా చేరుతుంది. కాళ్లకు బూట్లు, చేతులకు మందపాటి గ్లౌజులు వేసుకోండి. ఏ పెట్టెనైనా, సంచినైనా ముందు కర్రతో తట్టి, మీ వైపుకు కాకుండా అవతలి వైపుకు వంచి చూడండి. పట్టపగలు, షట్టరు పూర్తిగా ఎత్తి, ఇద్దరు ఉన్నప్పుడే చేయండి. కట్లపాము కాటు నొప్పి పెద్దగా తెలియదు, గాటు కూడా సరిగా కనపడదు. అనుమానం వచ్చినా చాలు, తాడు బిగించడం, కోయడం, మంత్రాలు ఏవీ వద్దు. ఆ కాలో చెయ్యో కదపకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి నేరుగా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లిపోవాలి.

మొదటి రోజు ప్రమాదకరమైనవి మాత్రమే తీయండి. వీటి మీద ఇంట్లో ఎవరూ పేచీ పెట్టరు, పైగా మీరు బాపు వస్తువుల మీద పడలేదని మీ ఆయనకు ధైర్యం వస్తుంది.

అన్నింటికంటే ముందు పొలం మందులు. పత్తికో మిర్చికో కొట్టగా మిగిలిన పురుగుమందును ఇంటికి తెచ్చి మూలన పెట్టడం మన వైపు చాలా ఇళ్లలో ఉంది. నాకు ఆ డబ్బాల కంటే కూల్‌డ్రింక్ సీసాల్లోకి, నీళ్ల బాటిళ్లలోకి వంపి పెట్టినవే ఎక్కువ భయం. షెడ్డులో లేబుల్ లేని సీసా ఏది కనపడినా, లోపల ఏముందో వాసన చూసి తెలుసుకోవాలని ప్రయత్నించకండి. అది మందే అనుకుని మూత బిగించి విడిగా పెట్టండి. గడువు ఇంకా ఉండి, ఊళ్లో పొలానికి పనికొచ్చేవైతే అసలు డబ్బాలోనే ఊరికి పంపండి. అక్కడ కూడా తాళం వేసే చోట, పశువుల దాణాకు దూరంగా ఉండాలి. గడువు తీరినవాటి గురించి మీ ఊరి వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈఓ) గానీ, కొన్న దుకాణాన్ని గానీ అడగండి. నాలాలో పోయడం, తగలబెట్టడం రెండూ కూడదు. నయీంనగర్ నాలా ఎంత పొంగుతుందో 2020లోనూ, 2023లోనూ మీరే చూశారు. అందులో పోసింది మళ్లీ మన గడపల్లోకే వస్తుంది. ఖాళీ డబ్బాలను కడిగి కిరోసిన్‌కో నీళ్లకో వాడుకునే అలవాటు ఉంటే ఇక్కడితో ఆపేయండి. ఎన్నిసార్లు కడిగినా వాటిని నమ్మలేం. మళ్లీ ఎవరూ వాడకుండా అడుగున చిల్లులు పొడవండి.

పాత ఇన్వర్టర్ బ్యాటరీని పక్కకు వాల్చకుండా నిటారుగానే జరపండి. నేల మీద యాసిడ్ మరక ఉంటే వంటసోడా చల్లండి, నురగ ఆగాక తుడవండి. కొత్త బ్యాటరీ కొనే చోట పాతదానికి ధర కట్టి తీసుకుంటారు. వీధిలో తిరిగే బండికి మాత్రం ఇవ్వకండి, లోపలి సీసం ఎక్కడో గుంతలో కరిగించి నేలలో కలుపుతారు. పాత పెద్ద టీవీ, కంప్యూటర్ మానిటర్ ఉంటే అవి ఈ-వ్యర్థాలు తీసుకునే వాళ్లకే వెళ్లాలి. ఎండిన పెయింట్ డబ్బాలు, ట్యూబులైట్లను తడి చెత్తలో, పొడి చెత్తలో కలపకుండా విడిగా చెత్త బండికి ఇవ్వండి. థిన్నర్, పెట్రోలు డబ్బాలు, స్పేర్ గ్యాస్ సిలిండర్ కారు ఉండే షెడ్డులో అస్సలు వద్దు.

టైర్లు, కూలర్ విషయం అందరూ తేలిగ్గా తీసుకుంటారు. డెంగీ తెచ్చే దోమ నిలవ నీటిలోనే పెరుగుతుంది, టైరు లోపలి ఒంపులో చెంబెడు నీళ్లున్నా దానికి చాలు. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు పడుతుంది. ఆ గుడ్లు టైరు గోడకు, కూలర్ ట్యాంకు గోడకు అంటుకుని, నీళ్లు ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి. కాబట్టి నీళ్లు పారబోస్తే సరిపోదు, బ్రష్‌తో గోడలు గట్టిగా రుద్దాలి. టైర్లు ఎవరివో అడగాల్సిన పని కూడా లేదు, టైర్ల దుకాణానికి ఇచ్చేయండి. కూలర్‌ను మాత్రం ఉంచుకోక తప్పదు. మన వరంగల్ ఎండలకు అది లేకుండా ఎలా? పాత గడ్డి తీసేసి, ట్యాంకు రుద్ది, రెండెండలు తగలనిచ్చి, పాత దుప్పటి కప్పండి. ఎండాకాలం ముందు కొత్త గడ్డి వేసుకోవచ్చు.

ఇక్కడి దాకా అయ్యాక షెడ్డు ముందు భాగంలో కొంత నేల కనపడుతుంది. అప్పుడు ముగ్గుపిండి తీసుకుని నేల మీద కారు గీయండి, ఇది తప్పకుండా చేయండి. 4 మీటర్ల లోపు కారైతే పొడవు సుమారు 13 అడుగులు, వెడల్పు 5 అడుగుల 8 అంగుళాలు. డ్రైవరు తలుపు తెరుచుకోవడానికి ఒక పక్క రెండున్నర అడుగులు వదలండి. మీ 11 అడుగుల్లో ఆ రెండూ పోగా అవతలి గోడ వైపు మూడడుగులకు కాస్త తక్కువ మిగులుతుంది. అందులో 15 అంగుళాల లోతు అర పెట్టుకోవచ్చు. అద్దానికి, మనిషి పక్కకు తిరిగి నడవడానికి చోటు ఉంటుంది. పొడవులో ఐదడుగులు మిగులుతాయి, వెనక గోడ మీకు దొరికే అసలైన చోటు అదే. నోటితో ఎంత చెప్పినా ఎవరూ వినకపోవచ్చు గానీ, నేల మీద తెల్లటి గీత కనపడితే "ఈ గుమ్మి గీత లోపల ఉంది, ఎక్కడ పెడదాం" అన్న మాట ఇంట్లో వాళ్ల నోటి నుంచే వస్తుంది. వానకు చెరిగినప్పుడల్లా మళ్లీ గీయండి.

ఇప్పుడు అత్తమ్మ సామాను. ఇది తొందరగా తేలదు, తేల్చకూడదు కూడా. ఒక సాయంత్రం షెడ్డు ముందు కుర్చీ వేసి ఆమెను కూర్చోబెట్టండి. ఒక్కో వస్తువూ బయటికి తెచ్చి ఆమె ముందు పెట్టండి. "ఇది పడేద్దామా" అని మాత్రం అడగకండి. "అత్తమ్మా, ఇది ఎవరికిద్దాం" అని అడగండి. పెద్దవాళ్లకు వస్తువు పోతుందన్న బాధ కంటే, అది చెత్తలో పడుతుందన్న బాధ ఎక్కువ. ఊళ్లో ఫలానా ఆడబిడ్డ కోడలికి, పాలోళ్ల ఇంటికి అని ఆమె నోటి నుంచి పేరు వచ్చిందంటే ఆ వస్తువు మీ షెడ్డు దాటినట్టే. పేరు వచ్చిన వెంటనే మార్కర్‌తో దాని మీద రాయండి. మర్నాటికి మాట మారకుండా ఉంటుంది, ఊరికెళ్లే బండిలో వేసేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

ఇసుర్రాయిని పంపొద్దు. మీ ఇంట్లో రేపు ఏ పెళ్లి జరిగినా పసుపు దంచే రోజు రోలు, రోకలి, ఇసుర్రాయి కావాలి, అప్పుడు వాడకట్టంతా తిరిగి తెచ్చుకోవాల్సి వస్తుంది. బరువైనది కాబట్టి ర్యాకు మీద కాదు, వెనక మూలన ఇటుకల మీద పెట్టండి. బతుకమ్మ సిబ్బి, పండుగ సామాను ఒకే పెట్టెలో వేసి పైన రాయండి, పెత్రమాసకు తీయడం, సద్దుల బతుకమ్మ అయ్యాక తిరిగి పెట్టడం తేలిక. గుమ్మి విషయంలో నా మాట కొంచెం కటువుగా ఉంటుంది. వెదురుకు చెదలు పట్టి ఉంటే, ఎంత ప్రేమ ఉన్నా దాన్ని లోపల ఉంచొద్దు, దాని నుంచి ద్వారబంధాలకు పాకుతాయి. తీసేముందు దాని పక్కన అత్తమ్మను నిలబెట్టి మంచి ఫొటో తీయించండి. అందులో ఎన్ని పుట్ల వడ్లు పోసేవాళ్లో, ఎవరు అల్లారో మీ పిల్లలకు చెప్పమనండి.

మూటల్లో కొత్తవాడ జంపఖానాలు దొరికితే వాటిని చులకనగా చూడకండి. వరంగల్ దరీలన్న పేరుతో వీటికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గట్టి నేత, ఎండలో ఆరబెట్టి దులిపితే ఇంకా ఏళ్లు వస్తాయి. ఎండిన వేపాకు వేసి చుట్టి షెడ్డులో కాకుండా ఇంట్లో అటక మీద పెట్టండి. రాగి, ఇత్తడి, కంచు ఏవైనా అమ్మాలని అత్తమ్మే అంటే, మూడింటినీ విడివిడిగా తూయించండి. కలిపి తూస్తే కంచు కూడా ఇత్తడి లెక్కలో పోతుంది. కంచు ధర ఇత్తడి కంటే ఎక్కువ.

మామయ్య కాగితాల పెట్టెలను ఒక్కటి కూడా చూడకుండా కిలోల లెక్కన వేయకండి. టీచరు ఇల్లు కాబట్టి పాత ప్రశ్నపత్రాలు, పత్రికలే ఎక్కువ ఉంటాయి. వాటి మధ్యలోనే పాత పహాణీ నకళ్లు, పాసుపుస్తకం, శిస్తు రసీదులు, తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామా, పెన్షన్ ఆర్డరు ఉండొచ్చు. భూముల రికార్డులకు ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చాక పాత రికార్డుల సవరణ కోసం చాలామంది ఇలాంటి కాగితాలనే వెతుక్కుంటున్నారు. ఈ పని మీ ఆయనకు అప్పగించండి. రోజుకు ఒక పెట్టె చాలు, రాత్రి అన్నం తిన్నాక టీవీ ముందు కూర్చుని చేసుకోవచ్చు. తడిసి అంటుకుపోయిన కాగితాలను లాగి విడదీయొద్దు, నీడలో ఫ్యాన్ గాలికి ఆరనిచ్చి నెమ్మదిగా విడదీయాలి. ముఖ్యమైనవి ఫోనుతో స్కాన్ చేసి, అసలువి ప్లాస్టిక్ ఫైల్లో బీరువాలోకి మార్చండి. బాపు చేతిరాత ఉన్న పుస్తకాలు రెండో మూడో ఆయన దాచుకుంటానంటే దాచుకోనివ్వండి. వాటికి పట్టే చోటెంత!

స్కూటర్‌ను పంపేయమని నేను చెప్పను. మీ ఆయన "ముట్టకు" అన్నది అసలు దీని గురించేనని నాకనిపిస్తోంది. వెనక గోడకు అడ్డంగా పెడితే ఆరడుగులు పడుతుంది, మిగతా ఐదడుగుల్లో ర్యాకు వస్తుంది. ముందున్న కారుకు ఇబ్బంది ఉండదు. కానీ ఉంచుకోవడమంటే బూజు పట్టించి ఉంచుకోవడం కాదని ఆయనతో గట్టిగానే చెప్పండి. ట్యాంకులో పాత పెట్రోలు తీయించాలి, టైర్లు మార్పించాలి, దసరాకు కారుతో పాటు దానికీ పసుపు కుంకుమ పెట్టేలా తుడిపించాలి. కాగితాల సంగతి కూడా ఉంది. ఆర్సీ మామయ్య పేరు మీదే ఉండి ఉంటుంది, ఏపీ 36 నంబరు కావచ్చు. యజమాని పోయాక వారసులు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలిపి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పించుకోవాలన్నది నిబంధన. ఆలస్యమైనా వెళ్లి అడగడమే మంచిది. పైగా 15 ఏళ్లు దాటిన బండిని మళ్లీ రోడ్డెక్కించాలంటే రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. ఎప్పటికైనా స్క్రాప్‌కే ఇవ్వాలనుకుంటే, నంబరు ప్లేటుతో సహా వీధిలో తిరిగే స్క్రాప్ వాడికి అమ్మేయకండి. గుర్తింపు ఉన్న వాహన స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి సర్టిఫికెట్ తీసుకుని, రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి. లేకపోతే ఆ నంబరుతో ఎవరేం చేసినా నోటీసు మీ గడపకే వస్తుంది.

మరిది ఫ్రిజ్, మంచం గురించి ఫోను మీ ఆయన చేత చేయించండి, మీరు చేయొద్దు. వదిన అడిగితే మాట ఒకలా పోతుంది, అన్న అడిగితే మామూలుగా ఉంటుంది. "దసరాకు వస్తున్నావు కదా తమ్మీ, పోయేటప్పుడు ట్రాలీ మాట్లాడతా, తీసుకపోతవా, లేకుంటే ఇక్కడే ఎవరికన్న ఇచ్చేద్దామా" అంటే చాలు. రెండింటిలో ఏదో ఒకటి అంటాడు. పండుగకు ఊరు చేరే వాళ్లందరి సామానుకూ ఇదే అదను, మనుషులు ఎదురుగా ఉంటారు, వెళ్లే బండి ఉంటుంది. అంటే షెడ్డు మొత్తం దసరాకు ముందే అయిపోవాలని టెన్షన్ పడకండి. పండుగనాటికి ముగ్గు గీత లోపల ఖాళీ అయితే మీ కారు పూజ జరుగుతుంది, మిగతాది పండుగ తర్వాత వారంలో కదులుతుంది. అందాకా ఆ ఫ్రిజ్ తలుపును తాడుతో కట్టేయండి. పిల్లలు ఆటలో లోపలికి దూరే ప్రమాదం ఉంది.

ఇక ర్యాకులు. అన్నీ తేలాక, మిగిలినదాన్ని చూసి కొలత తీసుకుని కొనండి. ఇనుప యాంగిల్ ర్యాకులు మంచివి, ప్లైవుడ్ వద్దు, మీకు చెదలు ఉన్నాయి. మేస్త్రీ దొరికితే గోడకు కడప బండ అరలు వేయించడం ఇంకా మేలు. 2023లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద మరక ఉంటుంది, కింది అర దానికి జానెడు పైన మొదలవ్వాలి. ర్యాకును గోడకు రెండంగుళాలు ఎడంగా పెడితే చెదల మట్టి దారి కనపడుతుంది, కానీ పైన రెండు చోట్ల గోడకు బోల్టు బిగించాలి. అట్టపెట్టెలు మళ్లీ లోపలికి రాకూడదు, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలే వాడండి, పేరు ముందు వైపు పెద్దగా తెలుగులో రాస్తే అత్తమ్మ కూడా వెతుక్కోగలదు. ర్యాకులు నిలబెట్టకముందే చెదల మందు వాళ్లను పిలిచి, గోడ, నేల కలిసే చోట పొడవునా రంధ్రాలు చేసి మందు పోయించండి. సామాను ఎక్కాక ఆ అంచు వాళ్లకు అందదు.